పైలట్ మ్యాపులో మా ఊరెక్కడ?

"విమానం నడిపేవాళ్లకి కింద ఊరుందో, ఖాళీ బీడు ఉందో ఎలా తెలుస్తుంది?" అని మన హాస్టల్లో ఎవరినైనా అడిగి చూడండి. "మ్యాపులో ఉంటుంది కదా" అనే జవాబు వస్తుంది. చాలామంది కొత్త పైలట్లు కూడా మొదట్లో అలాగే అనుకుంటారట. మ్యాపులో రంగు వేసిన చోట ఊరు, రంగు లేని చోట ఖాళీ. ఊరి మీద ఎత్తుగా ఎగరాలి, ఖాళీ మీద కిందికి దిగినా పర్లేదు. వినడానికి ఎంత సులువుగా ఉందో!

కానీ మాది రామగిరి మండలం. ఒకవైపు ధర్మవరం, ఇంకోవైపు పెనుకొండ, కాస్త దక్షిణంగా పోతే హిందూపురం. చుట్టూ గుట్టలు, గుట్టల మీద గాలిమరలు, గుట్టల మధ్య శెనిక్కాయ చేలు, చేలల్లో అక్కడో ఇరవై ఇళ్లు, ఇక్కడో యాభై ఇళ్లు. ఇలాంటి నేల మీద ఆ సులువైన సూత్రం పనిచెయ్యదు. ఎందుకు పనిచెయ్యదో, దాని బదులు పైలట్లు ఏం చేస్తారో మా ప్రాంతాన్నే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. ఏరోనాటికల్ వాళ్లకి ఇందులో కొంత తెలిసిందే అయ్యుండొచ్చు. మిగతా బ్రాంచిల వాళ్లు భయపడక్కర్లేదు, ఇంటర్ లెక్కలు చాలు.

చార్టు ఎవరి కోసం గీస్తారు?

ముందు స్కేలు సంగతి చూద్దాం. ప్రపంచమంతటికీ ఒకే పద్ధతిలో ఉండాలని ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, రూపొందించిన ఏరోనాటికల్ చార్టు స్కేలు 1:10,00,000. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద ఒక కిలోమీటరు. అమెరికాలో చిన్న విమానాల వాళ్లు వాడే సెక్షనల్ చార్టు ఇంకొంచెం నయం, 1:5,00,000. అందులో మిల్లీమీటరుకి అర కిలోమీటరు.

ఇప్పుడు మా పల్లెలు తీసుకోండి. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఐదారు నిమిషాలు, అంటే నాలుగైదు వందల మీటర్లు. పది లక్షల స్కేలులో అది అర మిల్లీమీటరు, పెన్ను మొన తగిలినంత. అలాంటివి మండలానికి పదుల సంఖ్యలో ఉంటాయి. అన్నిటినీ పేర్లతో సహా రాస్తే చార్టు మీద గుట్టలూ రోడ్లూ ఏవీ కనిపించవు.

అందుకే చార్టు గీసేవాళ్లు ఏరుకుంటారు. ఎలా ఏరాలో ఐకావో నిబంధనల నాలుగో అనుబంధం చెప్తుంది. నగరాలనీ, పట్టణాలనీ, గ్రామాలనీ కంటితో చూసుకుంటూ ఎగిరే పైలట్‌కి అవి దారి తెలుసుకోవడానికి ఎంత పనికొస్తాయో దాన్నిబట్టి ఎంపిక చెయ్యాలి. ఇంకో మాట కూడా ఉంది. పెద్ద పట్టణాల్ని మునిసిపల్ హద్దుల ప్రకారం గీయకూడదు, కట్టడాలు నిజంగా ఎంతవరకు పరుచుకున్నాయో ఆ ఆకారమే గీయాలి. పైనుంచి చూసేవాడికి వార్డు నంబర్లు కనపడవు కదా, ఇళ్ల గుంపు ఆకారమే కనపడుతుంది.

ఈ రెండు మాటలు కలిపి చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. చార్టు మీది ఊరు అసలు జనాభా సమాచారమే కాదు, అదొక ఆనవాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం హిందూపురంలో సుమారు లక్షన్నర మంది, ధర్మవరంలో సుమారు లక్షా ఇరవై వేల మంది. ఈ రెండూ ఆకారంతో సహా చార్టు మీద ఉండదగ్గవి. పెనుకొండ అంతకన్నా చాలా చిన్నది, కానీ పైలట్‌కి దాని పక్కనున్న కోట కొండ ఊరికన్నా పెద్ద గుర్తు. రామగిరి దగ్గర మూతపడిన బంగారు గనులున్నాయి. ఇప్పుడక్కడ పనిచేసే కార్మికులు లేకపోయినా, పాత గని ఒక ఆనవాలుగా చార్టుకి పనికిరావచ్చు. దాని పక్కనే మనుషులు కాపురమున్న పల్లె పనికిరాకపోవచ్చు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు పోయే రైలుమార్గం, పెనుకొండ పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పేరూరు దగ్గర పెన్నమీది డ్యాం, కొండల వరస. పైలట్‌కి మా ప్రాంతమంటే ముందుగా ఇవే. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. పేరూరు డ్యాం చార్టు మీద నీలంగా ఉంటుంది. మా సీమ నీళ్ల సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఏళ్ల తరబడి అందులో చుక్క నీరు లేని రోజులే ఎక్కువ. నీలం రంగు కోసం వెతికే పైలట్‌కి కింద ఎర్రమట్టే కనపడుతుంది. చెరువుకే ఈ గతి పడితే, మనుషుల సంగతి చార్టు ఎంతవరకు చెప్పగలదు?

పసుపు రంగు తెచ్చిన చిక్కు

అమెరికా సెక్షనల్ చార్టులో పెద్ద ఊళ్లకి పసుపు రంగు వేస్తారు. చిన్న ఊళ్లకి ఒక చిన్న సున్నా చుడతారు. అక్కడి ఎత్తు నిబంధనలో "కిక్కిరిసిన ప్రాంతం" అనే మాట ఉంటుంది. దాంతో పసుపు మరకే కిక్కిరిసిన ప్రాంతమనీ, పసుపు లేకపోతే ఆ నిబంధన వర్తించదనీ ఒక నమ్మకం పుట్టింది.

అది తప్పు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఆ మాటకి తన నిబంధనల్లో నిర్వచనమే ఇవ్వలేదు. ఏ కేసుకి ఆ కేసు చూసి తేల్చాలన్నదే అక్కడి పద్ధతి. చార్టులో పసుపు లేని కొద్దిపాటి ఇళ్ల గుంపుని, బండ్లు తిరుగుతున్న హైవేని కూడా కిక్కిరిసిన ప్రాంతంగానే లెక్కగట్టి పైలట్ల మీద చర్య తీసుకున్న సందర్భాలున్నాయి. "చార్టులో పసుపు లేదు సార్" అన్న సాకు అక్కడ చెల్లదు.

యూరప్ వాళ్లు నిర్వచనం రాసుకున్నారు. ఊరికిగానీ జనావాసానికిగానీ సంబంధించి, నివాసానికో వ్యాపారానికో వినోదానికో గణనీయంగా వాడుకునే ప్రాంతమేదైనా సరే కిక్కిరిసిన ప్రాంతమే. ఇందులో ఇంతమంది జనాభా ఉండాలన్న అంకె లేదు, చార్టు రంగు ప్రస్తావన లేదు. అక్కడ మనుషులు ఏం చేస్తున్నారన్నదే కొలత. ఆ లెక్కన మా ఊరి సంత కూడా కిక్కిరిసిన ప్రాంతమే.

రూలు ఏమంటుంది?

మన దేశంలో డీజీసీఏ నిబంధనలకి మూలం ఐకావో రెండో అనుబంధం. కంటితో చూసుకుంటూ ఎగిరే విమానాలకి, అంటే వీఎఫ్ఆర్ విమానాలకి, అది చెప్పే కనీస ఎత్తులు రెండు.

ఒకటి: నగరాలు, పట్టణాలు, జనావాసాల్లోని కిక్కిరిసిన భాగాల మీదగానీ, ఆరుబయట గుమిగూడిన జనం మీదగానీ ఎగిరేటప్పుడు, విమానం చుట్టూ 600 మీటర్ల వ్యాసార్ధంలో ఉన్న అన్నిటికన్నా ఎత్తైన అడ్డంకి కన్నా కనీసం 300 మీటర్లు, అంటే 1,000 అడుగులు పైన ఉండాలి.

రెండు: మిగతా చోట్ల నేలకిగానీ నీటికిగానీ కనీసం 150 మీటర్లు, అంటే 500 అడుగులు పైన ఉండాలి.

టేకాఫ్, ల్యాండింగ్ కోసం తప్పనిసరైనప్పుడు, అధికారులు ప్రత్యేకంగా అనుమతించినప్పుడు మినహాయింపు ఉంటుంది. బెంగళూరు వైపు పోతూ మా నెత్తి మీదుగా వెళ్లే పెద్ద విమానాల సంగతి వేరు. అవి పరికరాల ఆధారంగా, నిర్ణయించిన దారుల్లో, వేల అడుగుల పైన పోతాయి. ఈ గొడవంతా చిన్న విమానాలది, హెలికాప్టర్లది.

ఇప్పుడు మొదటి నిబంధన ఇంకోసారి చదవండి. "ఆరుబయట గుమిగూడిన జనం" అంటోంది. ఏ చార్టులోనైనా ఆరుబయట గుమిగూడిన జనానికి గుర్తు ఉంటుందా? ఉండదు, ఉండలేదు. చార్టు కట్టడాల్ని చూపిస్తుంది, రూలు మనుషుల గురించి అడుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పైలట్ తన కళ్లతో, బుర్రతో పూరించుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

వెయ్యి అడుగులే ఎందుకు?

శబ్దం తగ్గించడానికి అని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే, కానీ ముఖ్యమైన కారణం ఇంజిన్. ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో అది ఆగిపోతే, మిగిలిన ఎత్తే పైలట్ చేతిలో ఉన్న పెట్టుబడి.

శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172 ఇంజిన్ ఆగాక ఒక అడుగు కిందికి దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు జారుతుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి 9,000 అడుగులు, అంటే సుమారు 2.7 కిలోమీటర్లు. అప్పుడు వేగం దాదాపు 65 నాట్లు, గంటకి 120 కిలోమీటర్లు. లెక్కేస్తే పైలట్‌కి దొరికేది ఎనభై సెకన్లు. ఐదు వందల అడుగుల్లో ఉంటే నలభై. ఆ కాస్తలోనే స్థలం ఎంచుకోవాలి, ఇంజిన్ మళ్లీ తిప్పి చూడాలి, రేడియోలో చెప్పాలి, దిగాలి.

ఇప్పుడు ఆ విమానాన్ని ధర్మవరం నడిబొడ్డు మీద పెడదాం. కింద మగ్గాల ఇళ్లు, రైల్వే జంక్షన్, ఇరుకు వీధులు. లెక్క కోసం, ఖాళీ పొలాలకి రెండు కిలోమీటర్లు ఉందనుకుందాం. గాలి లేని రోజున 2.7 కిలోమీటర్లు జారగలదు కాబట్టి బొటాబొటిగా బయటపడుతుంది. కానీ మాది గాలి ఊరు. గాలి ఉండబట్టే గాలిమరలు పెట్టారు. 20 నాట్ల ఎదురుగాలి ఉంటే 65 నాట్లలో 20 అక్కడే పోయాయి. నేల మీద ముందుకు పోయే వేగం 45 నాట్లే. 2.7ని 45తో గుణించి 65తో భాగిస్తే 1.9 కిలోమీటర్లు వస్తుంది. అంటే పొలం చేరకముందే ఇళ్ల మీద దిగుతుంది. పైలట్ తేరుకోవడానికి పట్టే సెకన్లు, మలుపు తిరగడంలో పోయే ఎత్తు ఇంకా కలపలేదు.

మరి వెయ్యి అడుగుల రూలు పాటించాడు కదా, తప్పేముంది? అదే రెండో అనుబంధంలో ఇంకో వాక్యం ఉంది. జనావాసాల మీద ఎగిరేటప్పుడు, ఏదైనా అత్యవసర పరిస్థితి వస్తే కింద ఉన్న మనుషులకీ ఆస్తులకీ అనవసరమైన ప్రమాదం లేకుండా దిగగలిగేంత ఎత్తులో ఉండాలి. వెయ్యి అడుగులన్నది కనీసపు అంకె. ఈ వాక్యం ఆ అంకె వెనకున్న ఉద్దేశం. ధర్మవరం మీద ఆ గాలిలో వెయ్యి సరిపోదు, రెండు వేలు కావాలి, లేదా ఊరిని తప్పించి పక్కగా పోవాలి. ఇది మన ఇంటర్నల్స్‌లో పాస్ మార్కుల లాంటిది. పాస్ మార్కు తెచ్చుకుంటే సబ్జెక్టు వచ్చేసినట్టు కాదని మనందరికీ తెలుసు!

గుట్ట, గాలిమర, ఆల్టిమీటరు

విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటరు మామూలుగా సముద్ర మట్టం నుంచి లెక్క చెప్తుంది. కింద మా ఊరు ఎంత ఎత్తున ఉందో దానికి తెలియదు. పుట్టపర్తి సముద్ర మట్టానికి సుమారు 475 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు 1,560 అడుగుల పైన ఉంది. ఆల్టిమీటరు 2,100 అడుగులు చూపిస్తోందంటే, పుట్టపర్తి ఇళ్లకి విమానం నిజంగా ఐదు వందల నలభై అడుగుల పైనే ఉన్నట్టు. చెన్నైలో నేర్చుకుని వచ్చిన పైలట్ ఇక్కడ మనసులో ఒక కూడిక ఎక్కువ చేసుకోవాలి.

రామగిరి వైపు వస్తే కూడికలు ఇంకా పెరుగుతాయి. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఊరు 1,700 అడుగుల ఎత్తున ఉంది. ఊరికి అర కిలోమీటరులో గుట్ట, ఊరి కన్నా 600 అడుగులు పైకి. గుట్ట మీద గాలిమర, రెక్క కొనదాకా 300 అడుగులు. రూలు "600 మీటర్ల వ్యాసార్ధంలో అన్నిటికన్నా ఎత్తైన అడ్డంకి" అంది. కాబట్టి 1,700కి 600, ఇంకో 300 కలిపితే 2,600. దానికి వెయ్యి కలిపితే 3,600 అడుగులు. ఊరి ఎత్తుకి మాత్రమే వెయ్యి కలుపుకుని 2,700లో వచ్చినవాడు గాలిమర రెక్కకి వంద అడుగుల పైనుంచి పోతాడు. ఆ గుట్టల వెనక గాలి సుడి తిరుగుతూ కిందికి తోస్తే ఆ వంద అడుగులు ఎంతసేపు మిగులుతాయి?

చార్టులో గాలిమర ఉంటుంది కదా అంటారా? మామూలుగా నేల నుంచి వంద మీటర్లు, ఆపైన ఎత్తున్న వాటినే చార్టులో అడ్డంకులుగా లెక్కిస్తారు. తొంభైల్లో మా గుట్టల మీద పెట్టిన పాత గాలిమరలు పొట్టివి, ఆ కొలతకి అందవు. ఇప్పటి కొత్తవి రెక్క కొనతో కలిపి వంద మీటర్లు సునాయాసంగా దాటుతాయి. ఒకే వరసలో పొట్టివీ పొడవువీ ఉన్నప్పుడు చార్టు మీది గుర్తు సగం కథే చెప్తుంది. ఇక కరెంటు తీగలు, సెల్ టవర్లు కంటికి కనపడేది ఆఖరి నిమిషంలోనే.

ఊరు కదలదు, జనం కదులుతారు

చార్టుకి అచ్చయిన తేదీ ఉంటుంది, జనానికి ఉండదు. దీనికి మా జిల్లాలోనే మంచి ఉదాహరణలున్నాయి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిని చూడండి. 2017లో కియా కంపెనీతో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. రెండేళ్లలో బీడు భూమి వేలమంది పనిచేసే ఫ్యాక్టరీ అయింది. పాత చార్టు పట్టుకుని వచ్చినవాడికి అది ఇంకా బీడే. అందుకే విమానయాన సమాచారాన్ని 28 రోజులకోసారి ఒక లెక్క ప్రకారం నవీకరిస్తారు, గడువు దాటిన చార్టు వాడొద్దని ప్రతి బడిలోనూ చెప్తారు. అంత చేసినా ఏడాదికి ఒక్కరోజు వచ్చే మార్పుని ఏ చార్టూ పట్టుకోలేదు. కదిరి నరసింహస్వామి తేరు రోజున ఆ వీధుల్లో ఇసక వేస్తే రాలదు. వారం తర్వాత అవే వీధులు మామూలుగా ఉంటాయి. పసుపు మరకలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

పొలాల సంగతీ అంతే. ఇంజిన్ ఆగితే దిగడానికి చదునైన చేను మంచిదని పుస్తకం చెప్తుంది. శెనిక్కాయ పీకే రోజుల్లో అదే చేలో ఇరవై ముప్పై మంది కూలీలు వంగి పనిచేస్తుంటారు. పైనుంచి వాళ్లు మట్టిరంగులో కలిసిపోతారు. అందుకే అనుభవం ఉన్న పైలట్ చార్టు చూసి ఊరుకోడు. పొగ లేస్తోందా, ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయా, రోడ్డు మీద ఆటోలు ఒకే వైపు పోతున్నాయా, షామియానా రంగులు కనపడుతున్నాయా అని చూస్తాడు. మనుషులుంటే ఏదో ఒక జాడ ఉంటుంది.

నిజంగానే ఖాళీగా ఉన్న చోటు అన్నిటికన్నా క్షేమం అనుకోవడం కూడా పొరపాటే. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. కింద ఎవరికీ హాని జరగలేదు. కానీ కూలిందని చెప్పడానికి కూడా కింద ఎవరూ లేరు. శకలాలు కనపడింది మర్నాడు ఉదయం. జనం లేని నేల కిందివాళ్లకి క్షేమం, పైవాళ్లకి ఒంటరితనం. రూలు రాసినవాళ్లు కిందివాళ్ల వైపు నిలబడి రాశారు. ప్రయాణానికి ఒప్పుకున్నవాడు విమానంలో ఉన్నాడు, కిందున్నవాణ్ణి ఎవరూ అడగలేదు కాబట్టి అది న్యాయమే.

రామగిరిలో 2025 ఏప్రిల్ 8

ఇప్పటిదాకా లెక్కలు చెప్పాను. మా మండలంలో నిజంగా జరిగింది కూడా చెప్పాలి. ఆ రోజు మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి పాపిరెడ్డిపల్లిలో ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి హెలికాప్టర్‌లో వచ్చారు. కుంటిమద్ది దగ్గర హెలిప్యాడ్ ఏర్పాటు చేశారు. చూడ్డానికి వచ్చిన జనం ఒక్కసారిగా హెలికాప్టర్ మీదికి తోసుకొచ్చారు. విండ్‌షీల్డ్ దెబ్బతిందనీ, ఆయన్ను తిరిగి ఎక్కించుకుని వెళ్లడం క్షేమం కాదనీ పైలట్లు చెప్పారని వార్తలు వచ్చాయి. ఆయన రోడ్డు మీద బెంగళూరు వెళ్లారు. తప్పెవరిదన్నదాని మీద పెద్ద రాజకీయ వాదనే నడిచింది, అది ఈ పత్రికలో మన పని కాదు. మన పని వేరే ప్రశ్న: చార్టులో ఆ చోటు ఏమిటి?

చార్టులో అది చేలూ గుట్టలూ ఉన్న ఖాళీ నేల. పసుపు లేదు, సున్నా కూడా ఉండకపోవచ్చు. రూలు ప్రకారం ఆ ఉదయం అది ఆరుబయట గుమిగూడిన జనం, అంటే ధర్మవరం నడిబొడ్డుతో సమానం. ఇక్కడ ఇంకో కష్టం ఉంది. హెలికాప్టర్ దిగుతోంది కాబట్టి వెయ్యి అడుగుల నిబంధనకి మినహాయింపు. చట్టం మినహాయించింది సరే, భౌతికశాస్త్రం మినహాయించదు. నేల వదిలిన మొదటి కొన్ని సెకన్లలో హెలికాప్టర్‌కి ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు. అప్పుడు ఇంజిన్ మొరాయిస్తే జారడానికి పెట్టుబడి లేదు. పడితే చుట్టూ ఉన్నవాళ్ల మీదే.

ఈ మినహాయింపు ఎంత బరువైనదో 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో దేశమంతా చూసింది. టేకాఫ్ అయిన కాసేపటికే ఎయిరిండియా విమానం వైద్య కళాశాల హాస్టల్ భవనాల మీద కూలింది. మొత్తం 260 మంది చనిపోతే అందులో 19 మంది నేల మీద ఉన్నవాళ్లు. అది మధ్యాహ్నం, మెస్‌లో విద్యార్థులు భోజనానికి కూర్చునే వేళ. హాస్టల్లో ఉండి ఆ వార్త చదివిన మనలో ఎవరికి ముద్ద దిగింది? ఆ విమానం ఏ ఎత్తు నిబంధననీ అతిక్రమించలేదు. రన్‌వే చుట్టూ ఊరు పెరిగిన చోట ఎత్తు నిబంధన ఎవరినీ కాపాడలేదు. అక్కడ కాపాడాల్సింది భూమి మీద కట్టడాల హద్దులు, విమానం నిర్వహణ.

అందుకని మా ఊళ్లవాళ్లకి, మీ ఊళ్లవాళ్లకి చెప్పాల్సిన నాలుగు మాటలు ఇక్కడే చెప్తాను. హెలికాప్టర్ వస్తే రెక్కలు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి పోకూడదు. తోక వైపు ఎప్పుడూ పోకూడదు, తోక రెక్క తిరుగుతుంటే కంటికి కనపడదు. వాలు నేల అయితే ఎగువ వైపు నుంచి పోకూడదు, అటువైపు రెక్కలకీ మన తలకీ మధ్య దూరం తగ్గిపోతుంది. కండువాలు, టోపీలు, ఫ్లెక్సీలు ఎగిరి రెక్కల్లోకి పోతాయి కాబట్టి గట్టిగా పట్టుకోవాలి, లేదా దూరంగా ఉంచాలి. పైలట్ చార్టు చదివి వస్తాడు, మనం చార్టులో లేము. అతనికి కనపడే చోట, అతనికి అడ్డం కాని దూరంలో ఉండటం మన చేతిలో ఉంది.

మన చేతిలో డ్రోన్

"మేమేమైనా పైలట్లమా?" అనకండి. ఫెస్ట్ వస్తే డ్రోన్ ఎగరేసేది మనమే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం దేశ ఆకాశాన్ని డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులుగా విడగొట్టారు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకా. ఎరుపులో కేంద్రం అనుమతి లేకుండా కుదరదు. ఇక్కడి పసుపుకీ అమెరికా చార్టు పసుపుకీ ఏ సంబంధమూ లేదు. ఇది ఊళ్లని చూపించే రంగు కాదు, విమానాలు తిరిగే ఆకాశాన్ని చూపించే రంగు.

దీన్నుంచి పుట్టేది మళ్లీ అదే పాత పొరపాటు. "మన క్యాంపస్ గ్రీన్ జోన్ రా, ఎగరేసేయ్" అంటారు. ఆకుపచ్చ చెప్పేది పైన విమానాల ఇబ్బంది తక్కువని మాత్రమే. కింద ఓపెన్ ఎయిర్ స్టేజీ ముందు రెండు వేల మంది కూర్చున్నారని దానికి తెలియదు. రెండు కిలోల లోపు డ్రోన్‌ని వ్యాపారానికి కాకుండా సరదాకి ఎగరేస్తే పైలట్ లైసెన్సు కూడా అక్కర్లేదు. అంటే ఆ క్షణంలో అక్కడ ఆలోచించాల్సిన బుర్ర మనదొక్కటే. రెండు కిలోల వస్తువు నలభై మీటర్ల నుంచి పడితే, గాలి నిరోధం వదిలేసి లెక్కేస్తే, నేల తాకేటప్పటికి వేగం సెకనుకి 28 మీటర్లు, గంటకి వంద కిలోమీటర్లు. ఎవరి తల మీద పడుతుందో మ్యాపు చెప్పదు.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. జనం నెత్తి మీద కాకుండా పక్కనుంచి తియ్యండి. బ్యాటరీ అయిపోతే, మోటారు ఆగితే ఎక్కడ పడుతుందో ముందే ఒక ఖాళీ చోటు అనుకోండి. గాలి ఎటు వీస్తోందో చూడండి. కార్యక్రమం మొదలయ్యాక జనం ఎటు కదులుతున్నారో ఒకరిని ప్రత్యేకంగా గమనించమనండి. ధర్మవరం మీద ఆ సెస్నా పైలట్ వేసుకోవాల్సిన లెక్కా ఇదే, అంకెలే చిన్నవి.

మా పాపిరెడ్డిపల్లి, కుంటిమద్ది లాంటి ఊళ్లకి పది లక్షల స్కేలు చార్టులో చోటు దొరుకుతుందని నేను ఆశపడను. అర మిల్లీమీటరులో ఎవరి పేరు పడుతుంది? రూలులో మాత్రం ఆ ఊళ్లకి ధర్మవరంతో, హైదరాబాదుతో సమానంగా చోటుంది. చేలో వంగి శెనిక్కాయ పీకే మనిషికి కూడా కనీసం 500 అడుగుల దూరం రాసిపెట్టి ఉంది. ఆ రాసింది అమలు కావాలంటే పైనున్నవాడు కాగితం మీంచి తలెత్తి కిటికీలోంచి కిందికి చూడాలి.